ఎవరి బట్టలు వారే



పదవ తరగతి ఫలితములు వచ్చిన దినము మొదలుకొని పిల్లవాడు ఇల్లు విడిచి వెళ్ళే దినము వరకు మన ఇండ్లలో జరిగే హడావుడి మీకు తెలియనిది కాదు. ట్రంకుపెట్టె కొంటాము, తాళము కొంటాము. ఆవకాయ ఒక సీసాలో, కందిపొడి ఒక డబ్బాలో సర్దుతాము. కాపరిగారిని పిలిచి ఇంటిలో ప్రార్థన పెట్టించుకుంటాము. పెట్టెలో అన్నిటికంటె పైన క్రొత్త బైబిలు పెడతాము. మా పెద్దవాడు 2015 జూనులో దూరపు పట్టణములోని ఒక ఇంటర్మీడియట్ కళాశాల హాస్టలుకు వెళ్ళినప్పుడు మేమును ఇవన్నియు చేశాము. ఒక డజను బట్టల సబ్బులు కూడ పెట్టాము. ఆ సబ్బుతో ఏమి చేయాలో మాత్రము వానికి చెప్పలేదు. చెప్పాలని మాకు తోచనైనా తోచలేదు.

సంక్రాంతి సెలవులకు వాడు తిరిగి వచ్చాడు. పెట్టె తెరిస్తే వాసనకు ఇంటిలో నిలువలేకపోయాము. పన్నెండు సబ్బులలో తొమ్మిది కాగితము విప్పకుండనే ఉన్నవి. చొక్కాలు ఉండలు చుట్టి, తడి ఆరని తువ్వాలుతో కలిపి అడుగున కూరినాడు. వాటి మీద నల్లగా బూజు చుక్కలు పట్టినవి. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. వ్రేళ్ళ సందులు, నడుము, చంకలు గోకుకుంటూనే ఉన్నాడు. తెల్లవారి దీపము దగ్గరకు తెచ్చి చూస్తే ఒంటినిండ గజ్జి. ఎన్నాళ్ళనుండి అని అడిగితే దసరా నుండి అన్నాడు. ఫోనులో ఎందుకు చెప్పలేదంటే తల వంచుకున్నాడు.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగారు చాల మంచిగా మాట్లాడారు. గజ్జి మురికి వలన పుట్టదు, కంటికి కనబడని పురుగు చర్మము క్రింద చేరుట వలన వస్తుంది, శుభ్రముగా ఉండేవారికి కూడ అంటుకుంటుంది, సిగ్గుపడనవసరము లేదు అన్నారు. మెడ మొదలు అరికాళ్ళ వరకు రాయడానికి మందు ఇచ్చారు. ఇంటిలో అందరము ఒకే రాత్రి రాసుకోవాలన్నారు. కట్టుకున్న బట్టలు, పరుపు దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలనియు, ఉతకడానికి వీలులేనివాటిని సంచిలో మూటకట్టి కొన్ని దినములు ముట్టకుండ ఉంచాలనియు చెప్పారు. తరువాత మా వాని వైపు తిరిగి, “ఎవరి దుప్పటి కప్పుకున్నావు బాబూ?” అని అడిగారు. అప్పుడు బయటికి వచ్చింది సంగతి. తన బట్టలు కట్టుకొనే స్థితిలో లేవు గనుక గదిలోని స్నేహితుల లుంగీలు, తువ్వాళ్ళు, దుప్పట్లు నాలుగు నెలలుగా వాడుకుంటున్నాడు. వాడినుండి వారికి వచ్చిందో, వారినుండి వీడికి వచ్చిందో దేవునికే ఎరుక.

ఆ సాయంత్రము మేమిద్దరము చాలసేపు మాట్లాడుకున్నాము. తప్పు హాస్టలుదని మొదట అనుకున్నాము. అలా అనుకుంటే మనస్సుకు తేలికగా ఉంటుంది. కాని పదిహేనేండ్లు ఆ బిడ్డను పెంచినది హాస్టలు కాదు గదా. లెక్కలలో నూటికి తొంభైఎనిమిది తెచ్చుకున్నవాడు తన బనియను తాను ఉతకలేకపోయాడు. అంతవరకు వాని బట్టలు ఎవరు ఉతికారు అని లెక్క వేయబోతే మాకే సిగ్గు వేసింది.

సగము మా రేవు మామ్మ ఉతికేది. ఆమె మా ఊరి చాకలి. రాజాముకును నాగావళికిని మధ్యనున్న పల్లె మాది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాము వైపు మండలములతోబాటు శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాలోనికి వచ్చాము. జిల్లా మారినా ఏరు మారలేదు. మామ్మ చిన్నతనములో చౌడుమట్టి తవ్వి తెచ్చేవారట. ఆ చౌడునీళ్ళలో బట్టలు ముంచి, పెద్ద బాన మీద వరుసగా పేర్చి, రాత్రంతా క్రింద మంట పెట్టి ఉబ్బ వేసేవారు. తెల్లవారి గాడిద మీద రేవుకు తోలుకుపోయి బండకేసి బాదేవారు. ఏ ఇంటి గుడ్డ ఏదో తెలియడానికి నల్లజీడి పిక్క రసముతో మూల మీద గుర్తు పెట్టేవారు. పలాసలో దొరికే జీడిపప్పు కాదు సుమా, ఇది వేరే చెట్టు. ఆ మరక గుడ్డ చినిగినా పోదు. కూలి డబ్బు కాదు, కళ్ళములో కుంచాల లెక్కన ధాన్యము. పూటకింత అన్నము. మా కాలమునకు అది నెల జీతమైనది. గాడిద పోయింది. ఆమె కొడుకులు ఇద్దరును విశాఖపట్నము పోయి వేరే పనులలో పడ్డారు. రేవుకు వెళ్ళేది ఆమె ఒక్కతే.

మిగిలిన సగము ఎవరు ఉతికారంటే, మా అమ్మాయి. ఈ మాట వ్రాయడానికి చేయి వెనుకాడుతున్నది. పెద్దవాడు హాస్టలుకు వెళ్ళేనాటికి ఆ పిల్లకు పన్నెండేండ్లు. బడినుండి వచ్చి తన గౌనుతోబాటు అన్న చొక్కా, తమ్ముని నిక్కరు కూడ జాడించి తీగె మీద వేసేది. మేమెవ్వరము ఆ పని చెప్పలేదు. చెప్పలేదు గనుక మా తప్పు లేదని అనుకున్నాము కాబోలు. వేసవి సెలవులకు మగపిల్లలకు బట్టలు ఉతకడము నేర్పాలని మేము అనుకుంటుంటే అది విని, “అన్నయ్యకు నేర్పుతారు సరే. నాకు ఎవరు నేర్పారు నాన్నా?” అని అడిగింది. బడిలో నలభైమందికి జవాబులు చెప్పేవారు ఇంటిలో ఆ ఒక్క ప్రశ్నకు నోరు విప్పలేకపోయారు.

అయితే అసలు అడ్డు మా నాయనమ్మ దగ్గరనుండి వచ్చింది. పిల్లలకు నాయనమ్మ, మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. 2016 మే నెలలో పెద్దవాడు సెలవులకు వచ్చిన మూడవ దినమున వాని ముందు బకెట్టు పెట్టాము. ఆమె అరుగు మీదనుండి లేచి వచ్చింది. ఆమె మాటలు ఆమె నోట వచ్చినట్లే వ్రాస్తున్నాము.

“మా మావగారి కాలంలో మన పేట గుడ్డలు ఊరి చాకలోళ్ళు ముట్టీవోరు కాదు. మా గుడ్డలు మేమే ఉతుక్కునీవోళ్ళం, అదీ కింద రేవులోన. మీ నాన్నకి పంతులుద్దోగం వచ్చినాకే గదా గుమ్మం కాడికొచ్చి మూట అడిగినారు. ఆ దినం నాను ఏడిసినాను. ఇప్పుడు నా మనవణ్ణి మల్లీ ఆ రేవులోకి దింపుతారేటి?”

మేము మారు మాటలాడలేదు. ఈ పత్రిక చదివే అనేక కుటుంబములలో ఈ మాట అర్థము కానివారు ఉండరు. మన తాతలు తమ బట్టలు తామే ఉతుక్కున్నది స్వయంసహాయము నేర్చుకొని కాదు, ఇంకొకరు ముట్టరు గనుక. మూట కట్టి ఇంకొకరి చేతికి ఇచ్చిన దినము వారికి ఒక గౌరవము దొరికినట్లయినది. ఆ గౌరవమును మనుమని చేతిలోని సబ్బుబిళ్ళ తీసివేస్తున్నదని ఆమె బాధ. ఆమె తప్పు మాట్లాడినదని మేము ఇప్పటికీ అనము. కాని ఆమెకు గౌరవము దొరికిన చోటనే మామ్మ చేతులు సోడాకు పగిలి రక్తము కారేవి గదా. ఆ సంగతి మా ఇంటిలో ఎప్పుడైనా మాటకు వచ్చిందా? రాలేదు. ప్రభువు శిష్యుల పాదములు కడిగిన భాగము మీద ఎన్ని ప్రసంగములు విన్నామో. ఆదివారము ఆ ప్రసంగము వినడానికి మేము కట్టుకొనిపోయిన తెల్లబట్టలు శనివారము ఎవరు ఉతికారో ఒక్కసారియైనను తలంచలేదు.

నాయనమ్మతో వాదించలేదు. పిల్లవాని వీపు మీద ఇంకను మానని మచ్చలు చూపించాము. ఆమె వాటిని చేతితో తడిమి, ఏమియు అనక అరుగు మీదికి వెళ్ళిపోయింది.

నేర్పడము మొదలుపెడితే మాకే సరిగా రాదని తెలిసింది. అందుచేత రేవు మామ్మనే అడిగాము. ఆమె మొదట నవ్వింది. “నా పొట్ట మీద కొట్టడానికి నన్నే పంతుల్ని సేత్తారేటి మేష్టారూ?” అన్నది. ఆ మాటలో వేళాకోళము ఎంత, నిజము ఎంత అన్నది మాకు తెలుసు. నెల జీతము ఎప్పటివలెనే ఇస్తామన్నాము. దానికి ఒప్పుకొన్నది గాని, నేర్పినందుకు వేరే డబ్బు వద్దన్నది. “నా మనవరాలు వచ్చే యేడు పదో తరగతి. దానికి లెక్కలు రావు. సెప్తారా?” అని అడిగింది. ఆ ఏడాదంతా సాయంత్రములు ఆ పిల్లకు మా అరుగు మీద లెక్కలు, మా పిల్లలకు పెరటిలో బట్టలు. ఆ అమ్మాయి పదవ తరగతి గట్టెక్కి, ఇంటరు తరువాత నర్సింగులో చేరింది.

మామ్మ పాఠము మేము పుస్తకములో ఎక్కడా చూడని క్రమములో నడిచింది. మొట్టమొదట సబ్బు ముట్టనీయలేదు. జేబులు తిరగవేయించింది. పెద్దవాని జేబులో బాల్‌పెన్ను, బస్సు టికెట్టు, సగము తిన్న చాక్లెట్టు దొరికినవి. తరువాత బట్టలను మూడు కుప్పలు చేయించింది. తెల్లవి ఒకటి, రంగు పోనివి ఒకటి, రంగు పోతాయని అనుమానమున్నవి ఒకటి. అనుమానమును ఎలా తీర్చుకోవాలి? గుడ్డ మూలను తడిపి తెల్లగుడ్డ ముక్కతో గట్టిగా అద్ది చూస్తే సరి. పెద్దవానికి ఇంత ఓపిక లేక, మరుసటి వారము చెల్లెలి ఎర్ర వోణీని తన ఆదివారపు చొక్కాతో కలిపి నానబెట్టాడు. చొక్కా గులాబి రంగుకు తిరిగింది. వేరే తెల్లచొక్కా లేక దానితోనే ఆరాధనకు వచ్చాడు. యౌవనస్థుల కూటములో ఇప్పటికీ వానిని గులాబి అనే పిలుస్తారు.

నానబెట్టడము అరగంట చాలునట. రాత్రంతా నానితే విడిచిన మురికి మళ్ళీ గుడ్డకే పడుతుంది, వాసన కూడ పడుతుంది. ఇక రుద్దడము. పెద్దవాడు చొక్కా అంతటికి సబ్బు పూసి, అంతటిని ఒకే రకముగా రుద్దుతుంటే ఆమె చేయి పట్టుకొన్నది. “గుడ్డంతా రుద్దితే సబ్బు పోద్ది, నీ సెయ్యి పోద్ది. కాలరు సూడు, సంకలు సూడు, సేతుల అంచు సూడు. మిగతాది నీల్లే సూసుకుంటాయి.” ఈ ఒక్క మాట కొరకు మేము ఇదంతా వ్రాస్తున్నామేమో.

నీళ్ళ సంగతి మాత్రము మాలో పంతులైనవారు చెప్పగలిగారు. మా వాడు ఉన్న హాస్టలులో బోరునీళ్ళకు సబ్బు నురగ రాదట. ఎంత రుద్దినా తెల్లని తెట్టె కట్టి గుడ్డకు అంటుకొంటుందట. రెండుసార్లు ప్రయత్నము చేసి, తనకు చేతకాదని అనుకొని మానివేశాడు. కాల్షియము, మెగ్నీషియము ఎక్కువగా ఉన్న నీళ్ళలో సబ్బు వాటితో కలిసి ఆ తెట్టె అవుతుంది. తప్పు వానిది కాదు, నీటిది. అటువంటి చోట బిళ్ళసబ్బుకు బదులు డిటర్జెంటు పొడి వాడాలి, లేదా నీటిలో ముందుగా కొంచెము బట్టల సోడా కలపాలి. ఈ రెండు వాక్యములు తెలియక ఒక బిడ్డ నాలుగు నెలలు తనను తాను పనికిమాలినవాడని అనుకున్నాడు. రసాయన శాస్త్రములో అదే పాఠము వాడు పరీక్షకు వ్రాశాడు కూడ.

మరకల విషయములో మా అమ్మాయికి ఆసక్తి కలిగింది. కూర ఒలికితే పసుపు మరక పడుతుంది గదా. దాని మీద సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. చూచి భయపడనవసరము లేదు. బాగా జాడించి మండుటెండలో వేస్తే రెండు మూడు దినములలో వెలిసిపోతుంది. రక్తపు మరకకు చన్నీళ్ళే. వేడినీళ్ళు తగిలితే ఆ మరక గుడ్డలో నాటుకుపోతుంది. ఈ సంగతి చెప్పునప్పుడు మగపిల్లలను పంపివేయాలా అని ఒక్క నిమిషము ఆలోచించి, వద్దనుకొన్నాము. నెలసరి గుడ్డలను మన ఇండ్లలో ఆడపిల్లలు చాపక్రిందనో, వేరే బట్టల మాటుననో, గాలి వెలుతురు లేని మూలనో ఆరవేస్తారు. తడి ఆరనిదే మళ్ళీ వాడుతారు. అవి సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరాలి. సిగ్గుపడి దాచుకొంటే రోగము ఆ పిల్లకే వస్తుంది. ఇంటిలో అన్నదమ్ములకు ఈ మాట తెలిసియుంటే దాచవలసిన అవసరము సగము తగ్గుతుంది. ఆ దినమునుండి మా పెరటి తీగె మీద ఎండ బాగా పడే కొస అమ్మాయిది.

ఆరవేయడమునకు కూడ పద్ధతి ఉన్నది. రంగు బట్టలను లోపలి వైపు బయటికి త్రిప్పి వేయాలి. చొక్కాను భుజముల దగ్గర కాక అంచు దగ్గర క్లిప్పు పెట్టాలి. హాస్టలు తీగె మీద బట్టలు మారిపోకుండ, మామ్మ జీడిగుర్తు ఆలోచనతోనే, ప్రతి బట్ట మెడ లోపల ఒకే రంగు దారముతో రెండు కుట్లు వేయించాము. పెద్దవానికి పచ్చ, అమ్మాయికి నీలి, చిన్నవానికి ఎరుపు. ఇస్త్రీ సంగతి అంత ముఖ్యము కాదు. దుమ్ము దులిపి, తడి ఉండగానే విదిలించి ఆరవేసి, మడతపెట్టి దిండు క్రింద పెట్టుకొంటే కళాశాలకు చాలును. అన్నిటికంటె ముఖ్యముగా వారమంతా కూడబెట్టకూడదు. దినమునకు రెండు బట్టలు, స్నానమునకు ముందు పదిహేను నిమిషములు.

మొదటి నెలలో చినిగిన గుండీలకు, పగిలిన మగ్గులకు లెక్కలేదు. చిన్నవానికి అప్పుడు తొమ్మిదేండ్లు. వానికి చేతిరుమాళ్ళు, మేజోళ్ళు మాత్రమే ఇచ్చాము. నీళ్ళతో ఆట గనుక అందరికంటె వాడే సంతోషముగా చేశాడు. నొప్పి పడ్డది మేమే. తల్లి చేయి ఊరకుండదు. పిల్లవాడు సరిగా పిండలేదని, రాత్రివేళ లేచి వెళ్ళి తీగె మీది బట్టలు మళ్ళీ పిండి వేసిన తల్లి మా ఇంటిలోనే ఉన్నది. అమ్మాయి కనిపెట్టి, “మా బట్టలు ముట్టకండి అమ్మా” అని చెప్పేవరకు అది సాగింది. తండ్రి సంగతి అడగవద్దు. పిల్లలు నేర్చుకొన్నాక ఆరు నెలలకు గాని తన లుంగీ తాను ఉతకడము మొదలుపెట్టలేదు. అదియు చిన్నవాడు అడిగినందుకు.

మా అమ్మాయి 2019లో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరింది. 2008లో ఆ విశ్వవిద్యాలయము వచ్చిననాటినుండి మన పల్లెల పిల్లలు అనేకులు పదవ తరగతి మార్కుల మీదనే, పదిహేను పదహారేండ్లకే, ఆరేండ్ల చదువుకు ఇల్లు విడిచి పోతున్నారు. వెనుక డిగ్రీకి వెళ్ళే వయస్సులో నేర్చుకొన్న పనులు ఇప్పుడు రెండేండ్ల ముందే నేర్చియుండాలి. శ్రీకాకుళము రోడ్డు స్టేషనులో రైలు ఎక్కించేటప్పుడు, ఈసారి డజను సబ్బులు కాదు, రెండు బకెట్లు, ఒక బ్రష్షు, పది గజముల నైలాను త్రాడు ఇచ్చాము. నాలుగవ దినమున ఫోను చేసి, తన గదిలో ఇద్దరు పిల్లలు బట్టలు చూచి ఏడుస్తున్నారనియు, తాను కుప్పలు చేయడము చూపిస్తున్నాననియు చెప్పింది.

చిన్నవాడు 2022లో మనకు దగ్గరలోనే ఎచ్చెర్లలో చేరాడు. వాషింగు మెషీను కాలములో ఇదంతా ఎందుకని వాడు వాదిస్తాడు. మెషీను మా ఇంటిలో కూడ ఉన్నది, దానిని మేము నిందించము. మామ్మ చేతులకు అది ముందే వచ్చియుంటే ఎంత బాగుండేది. కాని అది కాలరు చూడదు, జేబులు తిరగవేయదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన తరువాత, ఉద్దానము వైపు మన వారి ఇండ్లలో ఎన్నో దినములు కరెంటు లేదు. ఆ దినములలో బకెట్టే మెషీను.

మామ్మ ఇప్పుడు రేవుకు వెళ్ళడము లేదు. మోకాళ్ళు పట్టుకొన్నవి. సాయంత్రము మా అరుగు మీద నాయనమ్మ ప్రక్కన కూర్చుంటుంది. ఇద్దరును ఒకరి మాట ఒకరు వినరు గాని కలిసే కూర్చుంటారు.

గత క్రిస్మసుకు పిల్లలు ముగ్గురును ఇంటిలో ఉన్నారు. నాయనమ్మ పెట్టెలోనుండి ఒక మూట తీసింది. అది మా తాతగారి పొందూరు ఖద్దరు పంచె. వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తి ఏకి, చేతితో సన్నని నూలు వడికి నేసే ఆ బట్ట సంగతి మీకు తెలిసినదే. తాతగారు ఉద్యోగములో చేరిన తరువాత కొనుక్కొన్నది, బల్ల ఆదివారములకు మాత్రమే కట్టినది. మడతలలో పసుపుపచ్చగా మారింది. ఇంతవరకు దానిని మామ్మ చేతికి తప్ప ఎవరి చేతికి ఇవ్వలేదు. పెద్దవాని ముందు పెట్టి, “బాదకు. నెమ్మదిగా” అన్నది.

వాడు గంటసేపు కూర్చున్నాడు. చన్నీళ్ళలో నానబెట్టి, అరచేతితో నొక్కి, మూడు నీళ్ళు జాడించి, చివరి నీటిలో చుక్క నీలిమందు కలిపి, పల్చని గంజి పెట్టి, నీడలో ఆరవేశాడు. మరుసటి దినము మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. ముసలివారిద్దరును దానిని వెలుతురుకు పట్టుకొని అంచులు వెదికారు. చివరకు నాయనమ్మ ఒక మూల చూపి, “ఇక్కడ ఇంకా ఉంది” అన్నది. మామ్మ కళ్ళు చిట్లించి చూచి, “అవును బావూ, ఉంది” అన్నది.

వాడు పంచె తీసుకొని మళ్ళీ పెరటిలోనికి వెళ్ళాడు.